ట్రాక్ కోసం మాత్రమే

మా ఇంట్లో బాత్రూము ఒక్కటే. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు గాలి ఎటునుంచి వస్తుందో, కొళాయిలో నీళ్లు ఎన్ని గంటలకు ఆగిపోతాయో అన్నీ అడిగాను గానీ, ఒక సినిమా నటి వచ్చి ఉంటే పొద్దున పూట నేనెక్కడికి పోవాలని మాత్రం అడగలేదు. అడగాల్సింది.

ఏడున్నరకు మా మరదలు లోపలికెళ్లి గడియ పెట్టుకుంటుంది. స్నానానికి కాదు. గోడలకు టైల్స్ ఉన్నాయి కాబట్టి అక్కడ గొంతు బాగా మోగుతుందట. నేను తువ్వాలు భుజాన వేసుకుని బయట నిలబడతాను. లోపలినుంచి "అయ్యా, ఒక్కసారి చూసి చెప్పండి" అని వినపడుతుంది. నేను చూడటానికి ఏమీ లేదు, తలుపు తప్ప. ఆ మాట నాతో కాదని తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మా మరదల్ని మీరు చూసే ఉంటారు. పదేళ్లపాటు సబ్బు పెట్టెల మీద, చీరల కొట్ల గోడల మీద, రోడ్డు మధ్య బోర్డుల మీద నిలబడింది. తర్వాత సినిమాల్లోకి తీసుకున్నారు. ఏడు సినిమాలు చేసింది. ఏడింటిలోనూ ముఖం ఆవిడది, గొంతు వేరేవాళ్లది. ఏడుగురు వేరేవాళ్లు. ఇది ఎనిమిదోది. ఈసారి డైరెక్టరు టీ తాగుతూ "మీ గొంతే ఉంచుతాను మేడమ్" అన్నాడు. షూటింగప్పుడు చెప్పిన మాటల్లో జనరేటరు చప్పుడు కలిసిపోయింది కాబట్టి, అవే మాటలు మళ్లీ డబ్బింగ్ థియేటర్లో బొమ్మ చూస్తూ చెప్పాలి. ఆ థియేటరు మా ఇంటికి మూడు వీధుల అవతల ఉంది. అందుకని ఒక పెట్టె, ఒక వేడినీళ్ల ఫ్లాస్కు పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"నాలుగు రోజులే బావా" అంది వచ్చిన రోజు. నేను మొహమాటానికి "ఎన్నాళ్లయినా ఉండు" అన్నాను. మొహమాటానికి అన్న మాటలే మన ఇళ్లలో అమలవుతాయి.

*

మా ఆవిడ బళ్లో మూడో తరగతి టీచరు. నలభై మంది పిల్లలు ఒకేసారి మాట్లాడుతుంటే వాళ్లందరి మీదుగా వినపడటం ఆవిడ వృత్తి. ఇంటికొచ్చాక కాస్త తగ్గించమంటే, "ఇంట్లో మీరున్నారుగా" అంటుంది. ఆ వారం బడికి సెలవులు. అక్కాచెల్లెళ్లిద్దరూ భోజనాల బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో మాటల కాగితాలు.

కథలో మా మరదలి మొగుడు ఫ్యాక్టరీ ప్రమాదంలో పోతాడు. ఆమె గేటు దగ్గర గుమాస్తాను ఆయన సంగతి అడుగుతుంది. సినిమా మొత్తానికి అదే సీను అని డైరెక్టరు అన్నాడట. మూడు నిమిషాలు, తెర నిండా ఆమె ముఖం ఒక్కటే.

"ఫారం నింపావా?" అంది మా ఆవిడ గుమాస్తా గొంతుతో. గుమాస్తా గొంతంటే ఆవిడ గొంతే, కాస్త ముక్కుతో.

"నాకు రాయడం రాదయ్యా. ఒక్కసారి చూసి చెప్పండి. ఆయన చెప్పులు లోపలే ఉండిపోయాయి. అవైనా ఇప్పించండి."

"అలా కాదే చిన్నీ. నువ్వేదో రాజ్యం పోగొట్టుకున్నట్టు అంటున్నావు. అడిగేది చెప్పులు. మామూలుగా అడుగు."

"మామూలుగానే అడిగానక్కా."

"మామూలుగా అంటే, మొన్న ఇస్త్రీ అతన్ని నా ఆకుపచ్చ జాకెట్టు ఏదని అడిగాను చూడు, అలా. దొరుకుతుందన్న ఆశా లేదు, వదిలే ఉద్దేశమూ లేదు."

మరదలు కాగితం అంచున పెన్సిలుతో 'ఆశ లేదు, వదలను' అని రాసుకుంది.

అంతలో మా అపార్టుమెంటు సెక్రటరీగారు వచ్చారు. నీళ్ల ట్యాంకు కడిగిస్తున్నాం, సంతకం పెట్టండన్నారు. ఆ ట్యాంకు మూడేళ్లుగా కడగలేదు. సినిమా నటి వచ్చిందని తెలిసి దానికి మురికి పట్టింది. సంతకం నేను పెడుతుంటే ఆయన నా భుజం మీదుగా బల్ల వైపు చూశారు.

"అమ్మా, ఆ వానలో ఏడ్చే సినిమాలో మీరేనటగా. మా ఆవిడకి మీ గొంతంటే ప్రాణం."

"ఆ గొంతు నాది కాదండీ. వేరే ఆవిడ చెప్పారు."

సెక్రటరీగారు పుస్తకం మూశారు. "అయ్యో, అవునా. ఆవిడ ఫోన్ నంబరు మీ దగ్గరేమైనా ఉంటుందా?"

మరదలు ఫోన్లో వెతికి, కాగితం ముక్క చించి, అంకెలు గుండ్రంగా రాసిచ్చింది. "మంచావిడండీ, మాట్లాడతారు" అని కూడా అంది. ఆయన వెళ్లాక ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చుంది.

"ఈ సినిమాలో నాదేనని చెప్పకపోయావా?" అన్నాను.

"పూర్తవనీ బావా." మూత బిగించింది. "ఫోన్లో నేను ఫలానా అని చెబితే ఎవరూ నమ్మరు తెలుసా. గ్యాస్ కంపెనీ వాళ్లు కూడా నవ్వుతారు. ఈసారి కూడా నాది కాకపోతే ఇంక నేను ముఖమే. ముఖానికి ముప్పై నాలుగొచ్చాయి."

మా ఆవిడ కాగితాలు సర్దింది. "కబుర్లాపి మళ్లీ మొదటినుంచి చెప్పు. ఫారం నింపావా?"

*

థియేటరంటే పెద్ద హాలనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. అది రెండు మంచాలు పట్టేంత గది. గోడలకు పరుపుల్లాంటి మెత్తలు, మధ్యలో ఒక మైకు, ఎదురుగా బొమ్మ కనిపించే తెర, పక్కన అద్దం, అద్దం వెనక సౌండు ఇంజినీరు. మెడలో హెడ్‌ఫోన్లు, ముఖంలో ఏ భావమూ లేదు. మనుషుల నోట్లోంచి వచ్చే ప్రతి చప్పుడూ ఇరవై ఏళ్లుగా వింటే అలా అయిపోతారేమో.

చెప్పులు బయటే విడిచాం. ఇంజినీరు అద్దం వెనకనుంచే మా ఆవిడ గాజులు చూపించాడు, తీసేసింది. నా జేబులో తాళాలు చూపించాడు, ఇచ్చేశాను. ఆఫీసులో జ్వరమని చెప్పి వచ్చాను కాబట్టి నిజాయితీగా దగ్గు వస్తోంది. దాన్ని కూడా చూపించాడు, మింగేశాను. మరదలు ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీర కట్టుకొచ్చింది. కొత్త బట్ట చప్పుడు చేస్తుందట.

"మేడమ్, పొద్దున ఏం తిన్నారు?"

"ఏమీ తినలేదండీ."

"తెలుస్తోంది. మైకులో పడుతోంది. రెండు బిస్కెట్లు తినండి."

అక్కడ పద్ధతి ఇది. చెవిలో మూడుసార్లు కీచుమంటుంది. నాలుగోసారి అనదు. ఆ నాలుగోది రావాల్సిన చోట మాట మొదలుపెట్టాలి. పెదాలు విడిపడ్డప్పుడు మాట విడిపడాలి, మూసుకున్నప్పుడు మూసుకోవాలి. చిన్న చిన్న సీన్లు, అంటే ముఖం దూరంగా ఉన్నవి, వీపు కనిపించేవి, నడుస్తూ మాట్లాడేవి, మధ్యాహ్నానికి అయిపోయాయి. ఇంజినీరు ఒకసారి బొటనవేలు పైకెత్తాడు. మా ఆవిడ నా మోచేతిని గిల్లింది. సంతోషం వస్తే ఆవిడ గిల్లుతుంది.

తర్వాత గేటు సీను. తెరమీద మా మరదలి ముఖం గోడంత వచ్చింది. కీచు, కీచు, కీచు.

"అయ్యా," అంది. అక్కడితో ఆగిపోయింది.

మళ్లీ. ఈసారి మాటలన్నీ వచ్చాయి గానీ, పెట్టెలో పెట్టి మూసిన గొంతులా వచ్చాయి. మళ్లీ. పదిహేడుసార్లు. పద్దెనిమిదోసారికి ఇంజినీరు లేచి తలుపు తీసుకుని మా గదిలోకొచ్చాడు.

"మేడమ్, మీరు ఊపిరి ఆపేస్తున్నారు."

"ఎక్కడండీ?"

"మీ ముఖం దగ్గరికి రాగానే."

ఆమె అరచెయ్యి పొట్టమీద పెట్టుకుంది. ఇంజినీరు బొమ్మ వేశాడు. ముఖం వచ్చింది, చెయ్యి కదలడం ఆగింది. బొమ్మ తీశాడు, చెయ్యి కదిలింది. అలా మూడుసార్లు చూశాం. పరీక్ష చేసినట్టుగా ఉంది.

"ఫొటోలప్పుడు," అందామె నెమ్మదిగా. "క్లిక్కుమనే ముందు ఊపిరి బిగపట్టమంటారు. పొట్ట లోపలికి పోతుంది, మెడమీద గీతలు పడవు. పదేళ్లు రోజుకు కొన్ని వందలసార్లు. నేను ఆపట్లేదండీ. నా ముఖం కనిపిస్తే దానంతటదే ఆగిపోతోంది."

"బొమ్మ చూడకుండా చెప్పండి," అన్నాడు ఇంజినీరు.

తెర ఆపేశాడు. ఖాళీ తెర ముందు నిలబడి మా మరదలు ఆ మూడు నిమిషాలూ చెప్పింది. నేను మా ఆవిడ వైపు చూడలేదు, ఆవిడ నా వైపు చూడలేదు. ఇద్దరం గోడ మెత్తలకు ఉన్న బొత్తాలు చూశాం. 'ఆయన చెప్పులు... అవైనా ఇప్పించండి' అన్నప్పుడు నా చేతనైతే ఆ ఫ్యాక్టరీ తలుపులు నేనే తీసేవాణ్ణి.

ఇంజినీరు దాన్ని బొమ్మకు కలిపి చూపించాడు. నోరు మూసుకున్నాక మాట వస్తోంది. మాట అయిపోయాక నోరు తెరుచుకుంటోంది.

"గొంతు చాలా బాగుంది మేడమ్. కానీ ఆ నోటిది కాదు."

ఆయన మంచివాడే. తెరమీద కళ్ల దగ్గర తెల్లకాగితం అంటించి పెదాలు మాత్రమే కనపడేలా చేశాడు. మరదలు ప్రయత్నించింది. కాసేపటికి తల అడ్డంగా ఊపి, "పెదాలు కూడా నావే కదండీ" అంది.

*

మర్నాడు డైరెక్టరు వచ్చాడు. గడ్డం, మెత్తటి మాట. ఎవరినీ ఏమీ అనడు. నాకు ఆఫీసులో అనుభవం ఉంది. ఏమీ అనని పై అధికారి అప్పటికే ఏదో అనేసుకుని వస్తాడు.

"టెన్షన్ ఏమీ లేదు మేడమ్. శుక్రవారానికి ఇచ్చేస్తే చాలు," అన్నాడు. ఆ రోజు బుధవారం.

ఎదురుగా ఎవరైనా గుమాస్తా మాటలు చెబితే సహజంగా వస్తుందేమో చూద్దామన్నాడు. అలా మా ఆవిడ మైకు దగ్గరికి వెళ్లింది. గాజులు తీసి చెల్లెలి చేతిలో పెట్టింది. కీచు, కీచు, కీచు. ఫారం నింపావా. మరదలు నోరు తెరిచింది. అరచెయ్యి పొట్టమీద కదలకుండా ఉండిపోయింది.

"అలా కాదే, ఊపిరి తీసుకో. ఇలా," అని మా ఆవిడ తెర వైపు తిరిగింది. బొమ్మ ఇంకా నడుస్తోంది. "నాకు రాయడం రాదయ్యా. ఒక్కసారి చూసి చెప్పండి. ఆయన చెప్పులు లోపలే ఉండిపోయాయి. అవైనా ఇప్పించండి."

ప్రతి మాటా వెళ్లి ఆ పెదాల మీద కూర్చుంది. చిన్నప్పుడు ఆ నోట్లో అన్నం ముద్దలు పెట్టిన మనిషి మా ఆవిడ. అది ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎప్పుడు మూసుకుంటుందో ఆవిడకు ఎవరూ నేర్పక్కర్లేదు.

అద్దం వెనక ఇంజినీరు వేలు బొత్తాం మీదే ఉంది.

"ఇంకోసారి అంటారా అక్కా?" అన్నాడు డైరెక్టరు. అప్పటిదాకా ఆయన మా ఆవిడను నన్ను చూసినట్టే చూశాడు, అంటే చూడలేదు. "ట్రాక్ కోసం మాత్రమే. తర్వాత మేడమ్ అది వింటూ చెప్పేస్తారు."

"అది విని నేర్చుకుంటుందా? అయితే ఎన్నిసార్లయినా చెప్తాను," అంది మా ఆవిడ. మూడో తరగతి పిల్లలకు ఎక్కాలు అలాగే చెబుతుంది. ముందు తను, తర్వాత వాళ్లు.

మా మరదలు ఏడు సినిమాలు చేసిన మనిషి. ట్రాక్ కోసం మాత్రమే అన్న మాట ఏడుసార్లు విన్న మనిషి. ఆమె నా వైపు ఒకసారి చూసింది. తర్వాత తన హెడ్‌ఫోన్లు తీసి, చెవుల దగ్గర పట్టిన చెమట చీర చెంగుతో తుడిచి, అక్క తలకు పెట్టింది. పట్టీ బిగించింది. అక్క తనకంటే పొట్టి కాబట్టి మైకును నాలుగు వేళ్లు కిందికి దించింది. ఫ్లాస్కు మూతలో వేడినీళ్లు పోసి ఇచ్చింది.

"ఒక్క గుక్క తాగు. మొత్తం తాగకు. ఇదిగో, ఇక్కడ నేను కళ్లు దించుతాను, అప్పుడు ఊపిరి తీసుకో. 'చెప్పులు' దగ్గర కింది పెదవి వణుకుతుంది. అది నటన కాదు, నిజంగానే వణికింది. అక్కడ తొందరపడకు."

అక్క వెనక నిలబడి వీపుమీద చెయ్యి పెట్టింది. ఊపిరి తీసుకోవాల్సిన చోటల్లా వేలితో చిన్నగా తట్టింది. రెండో చేతిలో అక్క గాజులు చప్పుడు కాకుండా గట్టిగా పట్టుకుంది. ఆరోసారికి అయిపోయింది.

మా ఆవిడ చెమటలు తుడుచుకుంటూ వచ్చింది. "వచ్చిందా? ఇప్పుడు నువ్వు చెప్పు."

డైరెక్టరు ఫోన్ చూసుకుంటున్నాడు. ఇంజినీరు వైరు చుడుతున్నాడు, ఎంతో శ్రద్ధగా.

"టైమైపోయిందక్కా," అంది మరదలు. "మిగతాది వాళ్లు చూసుకుంటారు."

*

శనివారం సినిమా కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు. గేటు సీనుకు అక్కగారి గొంతు ఉంచేశామని, మిగతావి చిన్న సీన్లు కాబట్టి తేడా తెలియదని చెప్పాడు. అభినందనలు కూడా చెప్పాడు, ఎవరికో మాత్రం చెప్పలేదు.

మా ఆవిడ కుర్చీలో కూర్చుంది. "ట్రాక్ అన్నారు కదే."

"ట్రాకే అక్కా. బాగుంటే ఉంచేస్తారు."

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు బాగా చెప్తున్నావు," అంది మరదలు. వంటింట్లోకి వెళ్లి, కడిగి బోర్లించిన గ్లాసులు మళ్లీ కడిగింది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. సోమవారం ఆఫీసుకెళ్లి జ్వరం తగ్గిందని చెప్పాను. దాంతోపాటు మా ఆవిడ సినిమాల్లో డబ్బింగ్ చెబుతోందని కూడా చెప్పాను. ఎవరూ అడగలేదు. సెక్రటరీగారికి మెట్ల మీద ఆపి చెప్పాను. ఆయన ఈసారి మా ఆవిడ నంబరు తీసుకున్నారు, అది ఆయన దగ్గర ఎనిమిదేళ్లుగా ఉన్నా.

గేటు సీనును ప్రచారం కోసం ముందే బయటికి వదిలారు. జనం చూశారు, ఏడ్చారు, ఒకరికొకరు పంపించుకున్నారు. కంపెనీవాళ్లు దాని కింద 'తొలిసారి సొంత గొంతుతో' అని రాయించారు. ఎందుకలా రాశారని మరదలు మేనేజర్ని అడిగింది. ముందే అచ్చు వేయించేశాం మేడమ్, అయినా ఇంట్లోవాళ్లదేగా అన్నాడు.

నిన్న ఎఫ్ఎం రేడియోవాళ్లు ఫోన్ చేశారు. మరదలు రెండు మాటలు మాట్లాడేసరికి ఆ అమ్మాయి, "మేడమ్, మీకు జలుబు చేసినట్టుంది, గొంతు అస్సలు మీలా లేదు. ఓ గంటాగి చేయనా?" అంది. మరదలు సరేనంది.

ఆ గంటలో మరదలు కాగితాలు చీటీలుగా కోసింది, తను రాసిస్తే అక్క చదవాలట. మా ఆవిడ వద్దు వద్దంటూనే ఉంది.

"అబద్ధం చెప్పడం నావల్ల కాదే."

"రేడియోలో ముఖం కనపడదుగా అక్కా. ముఖం నాది, అది లేదు. మిగిలింది నీదే. ఇందులో అబద్ధమేముంది?"

మా ఆవిడ గాజులు తీసి పక్కన పెట్టింది. ఫోన్ స్పీకరులో పెట్టి బల్లమీద ఉంచారు. అటునుంచి ప్రశ్న వస్తుంది, మరదలు జవాబు చీటీమీద రాసి జరుపుతుంది, మా ఆవిడ చదువుతుంది. మొదటి సబ్బు, మొదటి సినిమా, ఇష్టమైన రంగు. బాగానే సాగింది.

"మేడమ్, ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి మీ సొంత గొంతు వినిపించారు. ఎలా అనిపించింది?"

మరదలి పెన్ను ఆగింది. ఆ అమ్మాయి హలో హలో అంటోంది. అప్పుడు ఒక్క గుక్కలో రాసి జరిపింది. మా ఆవిడ చదువుతూ పోయింది.

"చాలా ఏళ్లు ఎదురుచూశాను. ఇప్పటికి ఇది నేనేనని అనిపించింది."

చదవడం అయ్యాక గాని ఏం చదివిందో ఆవిడకు తెలియలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అటుపక్క అమ్మాయి, "మీ గొంతులో ఆ తడి తెలుస్తోంది మేడమ్," అంది.

ఇదీ సంగతి. ఇప్పుడు ఆ డైరెక్టరే ఇంకో సినిమా మొదలుపెడుతున్నాడు. కథంతా మా మరదలే. షరతు ఒకటే, ముఖం చెల్లెలిది, గొంతు అక్కది, ఇద్దరూ సంతకాలు పెట్టాలి. అక్కగారు రాకపోతే వేరే నటిని చూసుకుంటామన్నాడు, అదీ మెత్తగానే. రేపు పొద్దున పదింటికి మేనేజరు ఫోన్ చేస్తాడు. ఇంటి పెద్దను కాబట్టి నాకు చేస్తాడట. పన్నెండేళ్ల కాపురంలో నన్ను ఇంటి పెద్దను చేసినవాడు అతనొక్కడే, అదీ ఇలాంటి రోజున.

మా ఆవిడ నన్ను పక్కకు పిలిచి, "చిన్ని వద్దంటే ఈ నిమిషమే మానేస్తానండీ. కనుక్కోండి," అంది. వెళ్లి కనుక్కున్నాను. మరదలు చీర మడత పెడుతూ, "అక్కను వద్దనమను బావా. కానీ నేనన్నానని చెప్పకు," అంది. ఆ మడత పూర్తికాకుండానే, "వద్దంటే నాకింక ఎవరూ వేషం ఇవ్వరులే. సరేననమను," అంది. తర్వాత ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే, ఇద్దరూ ఒకరితో ఒకరు ఒకే మాట అన్నారు. నీ ఇష్టం.

నేను సరేనంటే మా మరదలు జన్మలో ఇంక తన గొంతుతో మాట్లాడదు. వద్దంటే మాట్లాడటానికి చోటే ఉండదు. మధ్యలో ఏదైనా ఉందేమోనని పొద్దుటినుంచీ చూస్తున్నాను. లేదు. నాకైతే కనపడలేదు.

చదివేవాళ్లలో నాకంటే తెలిసినవాళ్లు ఉంటారు. అక్కాచెల్లెళ్ల మధ్య పెరిగినవాళ్లు ఉంటారు. అయ్యా, అమ్మా, మీకు దణ్ణం పెడతాను, రేపు పదిలోపల నేనేం చెప్పాలో ఎవరైనా చెప్పండి. నాకు ఆలోచించే ఓపిక కూడా పోతోంది. ఎందుకంటే ఇది రాస్తుంటే వంటింట్లోంచి "టీ తాగుతావా బావా?" అని అడుగుతున్నారు. అచ్చం మా ఆవిడ గొంతు, అదే ఊపిరి, అదే విరుపు. మా ఆవిడ మాత్రం నా ఎదురుగా కూర్చుని ఉంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటున్నాం. తాగుతాననాలా, వద్దనాలా, ముందు అదైనా చెప్పండి.